హువారెజ్ అమ్మాయిల గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఐదుగురు పంపారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇద్దరు, కాలేజీ స్నేహితురాళ్లు ఇద్దరు, నిన్న రాత్రి మా పిన్ని. "నువ్వు నవలలు చదువుతావు కదా, ఇది చదివావా?" అని అడిగింది. చదివాను పిన్నీ. నవల చదివాను, నువ్వు పంపిన మెసేజూ చదివాను, రెండూ చదివాను కాబట్టే ఇంత కోపం.

చూడనివాళ్ల కోసం మెసేజ్‌లో ఏముందో చెప్తాను. '2666' అని ఒక మిస్టరీ నవల ఉందట. మెక్సికో సరిహద్దు ఊరు హువారెజ్‌లో మాయమవుతున్న అమ్మాయిల గురించి ఒక జర్నలిస్టు కూపీ లాగుతాడట, అంతా అక్షరాలా జరిగిందట. హంతకుడి పేరు బయటపెట్టినందుకు రచయితను చంపేశారట. హంతకుడు ఒక ఈజిప్టు సైంటిస్టట, వాణ్ణి పట్టుకోగానే హత్యలు ఆగిపోయాయట. అమ్మాయిల అవయవాలు తీసి అమెరికాలో అమ్మేవారట, పోలీసులకూ అందులో చెయ్యి ఉందట. చివర పెద్ద అక్షరాల్లో: పోయినవాళ్లంతా రాత్రిళ్లు బార్లకు తిరిగేవాళ్లే, మీ ఇంటి ఆడపిల్లలకు తప్పకుండా పంపండి.

కొందరు పంపినదాంట్లో 2666 అంటే చనిపోయిన అమ్మాయిల సంఖ్య అని కూడా ఉంది. కాదు. అదే రచయిత ఇంకో నవలలో అది ఒక సంవత్సరంగా వస్తుంది, అంతే.

రచయిత సంగతి. రొబెర్తో బొలాన్యో 2003 జులైలో బార్సిలోనాలో కాలేయం పాడై, మార్పిడి కోసం ఎదురుచూస్తూ పోయాడు. నవల అచ్చయింది 2004లో. అచ్చే కాని పుస్తకంలో పేరు బయటపెట్టాడని ఎవరు చంపుతారు? పైగా ఆయన హువారెజ్‌లో అడుగే పెట్టలేదు. అక్కడి వివరాలు చాలావరకు స్పెయిన్‌లో కూర్చుని సెర్హియో గొన్సాలెస్ రొద్రీగెస్ అనే మెక్సికో జర్నలిస్టుకు ఉత్తరాలు రాసి తెలుసుకున్నాడు. దెబ్బలు తిన్నది ఆ జర్నలిస్టు. 1999లో మెక్సికో సిటీలో టాక్సీ ఎక్కితే దారిలో దుండగులు ఎక్కి చావబాదారు. అయినా వదలకుండా 2002లో తన పరిశోధనను పుస్తకంగా తెచ్చాడు. ఆయన పేరు ఈ మెసేజ్‌లో ఒక్కచోట కూడా లేదు.

ఇక నవలలో హంతకుడి పేరు దొరుకుతుందన్న మాట. దొరకదు. ఊరికి కూడా శాంతా తెరెసా అని కల్పిత పేరు పెట్టాడు. న్యూయార్క్ నుంచి ఒక జర్నలిస్టు బాక్సింగ్ పోటీ గురించి రాయడానికి ఆ ఊరు వస్తాడు, హత్యల సంగతి తెలిసి దాని మీద రాస్తానంటే వాళ్ల పత్రికే ఒప్పుకోదు. నాలుగో భాగం మొత్తం ఒక శవం తర్వాత ఇంకో శవం, ఏ చెత్తకుప్ప దగ్గర దొరికింది, ఒంటిమీద ఏ రంగు బట్టలున్నాయి, కేసు ఎప్పుడు మూసేశారు, ఇదే వరస. నేను రెండుసార్లు మధ్యలో ఆపేశాను, మూడోసారికి గానీ పూర్తి చేయలేకపోయాను. హంతకుడు దొరికాడు కదా అని పుస్తకం మూసి పడుకునే వీలు ఆయన మనకు ఇవ్వలేదు. ఈ మెసేజ్ రాసినవాడు సరిగ్గా ఆ వీలే ఇస్తున్నాడు.

ఈజిప్టు మనిషి కల్పన కాదు. కెమిస్టు, అంతకుముందు అమెరికాలో ఆడవాళ్లపై దాడి చేసి జైలుకెళ్లినవాడు, మంచివాడని నేననను. 1995లో పట్టుకున్నారు, చివరికి శిక్ష పడింది ఒక్క హత్యకే. కానీ హత్యలు ఆగలేదు. 1996లో మళ్లీ శవాలు దొరికితే, జైల్లోంచి డబ్బులిచ్చి ఒక ముఠాతో చేయిస్తున్నాడన్నారు. 1999లో మళ్లీ అదే కథ, ఈసారి బస్సు డ్రైవర్లు. 2001 నవంబరులో ఊరి మధ్య పత్తి చేనులో ఎనిమిది మంది ఆడవాళ్ల శవాలు దొరికాయి. ఎక్కడనుకున్నారు, ఫ్యాక్టరీల యజమానుల సంఘం ఆఫీసుకు ఎదురుగా! ఇంకేం ఆగింది?

అవయవాల సంగతి ఒక్క ముక్కలో తేలుస్తాను. కిడ్నీ తీయాలంటే ఆపరేషన్ థియేటరు కావాలి, రక్తం గ్రూపు కలవాలి, తీసింది గంటల్లో అమర్చాలి. గొంతు నులిమి ఎడారిలో పడేసిన శవానికి దానితో ఏం సంబంధం?

పోలీసుల దగ్గర మాత్రం నేను ఒక మెట్టు దిగాలి. మొదట ఇదీ సినిమా కథే అనుకుని కొట్టిపారేయబోయాను. కానీ పత్తి చేను కేసులో ఇద్దరు బస్సు డ్రైవర్లను పట్టుకుని చిత్రహింసలు పెట్టి ఒప్పించారు. వాళ్లలో ఒకరి తరఫున వాదిస్తున్న లాయర్‌ని 2002 ఫిబ్రవరిలో పోలీసులే కాల్చి చంపారు, పారిపోతున్న ఇంకో నేరస్థుడనుకున్నాం అన్నారు. ఏడాది తిరిగేసరికి అతని క్లయింటు జైల్లో చనిపోయాడు. చంపింది పోలీసులేనని దీంతో రుజువు కాదు, కానీ అసలు నేరస్థుల్ని ఎవరూ వెతకలేదని మాత్రం తెలుస్తుంది. కాబట్టి ఈ పాయింటు దగ్గర మెసేజ్‌ని పూర్తిగా తప్పుపట్టను.

ఇక ఆ చివరి వాక్యం. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆ చేనులో దొరికినవాళ్లలో ముగ్గురి తల్లులు అమెరికా ఖండాల దేశాల మానవ హక్కుల కేసులు వినే ఇంటర్ అమెరికన్ కోర్టు దాకా వెళ్లారు. అమ్మాయిల వయసులు 20, 17, 15. పదిహేనేళ్ల పిల్ల ఒకరింట్లో పనిచేసేది. పదిహేడేళ్ల పిల్ల చదువుకుంటోంది. ఇరవయ్యేళ్ల అమ్మాయి ఫ్యాక్టరీలో పనిచేసేది, ఆ రోజు రెండు నిమిషాలు ఆలస్యంగా వెళ్లింది, గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. రెండు నిమిషాలు! నేను మూడేళ్లు నైట్ షిఫ్ట్ చేశాను. క్యాబ్ మిస్సయిన రాత్రి, షట్టరు దించేసిన మెడికల్ షాపు ముందు వెలుతురు పడే చోట నిలబడి, వచ్చే ప్రతి బండి వైపూ చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాకు ఫోన్ చేస్తే వచ్చే అన్నయ్య ఉన్నాడు. ఆ అమ్మాయి పనికి వెళ్లింది. బార్‌కి కాదు. వెళ్లి ఉన్నా సరే, బార్‌కి వెళ్లిన పిల్లను చంపొచ్చని ఎక్కడ రాసి ఉంది?

ఆ తల్లులు ఫిర్యాదు చేయడానికి వెళ్తే అధికారులు ఏమన్నారో తెలుసా? బాయ్‌ఫ్రెండ్‌తో వెళ్లి ఉంటుంది, వస్తుందిలే అన్నారు. 72 గంటలు ఆగమన్నారు. బతికి ఉందేమోనని వెతకాల్సిన గంటలవి. 2009 నవంబరులో ఇంటర్ అమెరికన్ కోర్టు మెక్సికో ప్రభుత్వాన్ని తప్పుపట్టింది ఇందుకే. ఆడపిల్ల కనిపించకపోతే ముందు ఆమె నడవడిక గురించి మాట్లాడే అధికారుల ధోరణి కూడా ఇలాంటి హింసకు ఒక కారణమేనని తేల్చింది.

ఇది మనకు తెలియని భాషా? 'లేచిపోయి ఉంటుంది' అన్న మాట మన పోలీస్ స్టేషన్లలో ఎన్నిసార్లు వినలేదు? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఆ డాక్టరమ్మాయి కనిపించని రాత్రి తల్లిదండ్రులు ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరిగారు. మీ అమ్మాయి ఎవరితోనో వెళ్లి ఉంటుంది అన్నారని ఆ కుటుంబం చెప్పింది. కేసు నమోదులో ఆలస్యం చేశారని తర్వాత ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు కూడా. అప్పుడు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నవాళ్లే ఇప్పుడు ఈ మెసేజ్ పంపుతున్నారు. ఒక్కసారి చదివి పంపరా? హువారెజ్ అధికారులు ఆ తల్లులతో అన్నమాట, ఈ మెసేజ్‌లోని చివరి వాక్యం, రెండూ ఒకటి కాదా?

1993 నుంచీ ఆ ఊళ్లో ఎస్తెర్ చావెస్ కానో అనే అకౌంటెంటు, పేపర్లో మూలన పడిన చిన్న చిన్న వార్తలు కత్తిరించి దాచుకుంటూ పేర్ల జాబితా తయారుచేసింది. ప్రభుత్వం దగ్గర కూడా సరైన లెక్కలేని రోజుల్లో ఆమె దగ్గర ఉంది. ఎవరు, ఏ వయసు, ఎక్కడ పనిచేసేది. హువారెజ్ గురించి ఏమన్నా పంపాలనిపిస్తే ఆమె గురించి పంపండి. ఆ ఊరి కరెంటు స్తంభాల మీద తల్లులు గులాబీ రంగు వేసి దానిపై గీసిన నల్లరంగు శిలువల ఫోటో పంపండి.

పిన్నీ, చెల్లి పోయిన నెల నుంచి రాత్రి డ్యూటీకి వెళ్తోంది కదా. ఆ మెసేజ్ దానికి కూడా పంపావా?