కిలోమీటరు లెక్క వేరు, ఆచూకీ వేరు

"ఎలక్ట్రిక్ కార్లు గాలిని బాగుచేయడానికి వచ్చినవి కావు. కిలోమీటరుకు ఇంత అని పన్ను గుంజడానికి, ఆ పేరుతో మీరు ఎక్కడెక్కడ తిరిగారో కనిపెట్టడానికి, కిట్టని రోజున కారును దూరం నుంచే ఆపేయడానికి పన్నిన వల అది. స్వేచ్ఛ కావాలంటే పెట్రోలు కారును వదలకండి." రకరకాల రూపాల్లో ఈ సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతూనే ఉంది. 2028 ఏప్రిల్ నుంచి ఎలక్ట్రిక్ కార్లపై మైలుకు 3 పెన్స్ పన్ను వేస్తామని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించింది కదా, అదే సాక్ష్యం అంటారు. పంపేవాళ్లందరినీ అమాయకులని కొట్టిపారేయలేం. వారి భయానికి ఆధారం ఉంది. కాకపోతే నిఘా ఉన్నచోటును వదిలేసి, లేనిచోట వెతుకుతున్నారు.

సందేశంలో మొదటి మాట: కిలోమీటరు పన్ను వేయాలంటే కారు ఎక్కడ తిరిగిందో తెలియాలట. అవసరం లేదు. ఎంత తిరిగిందో తెలిస్తే చాలు. ఆ సంగతి చెప్పే ఓడోమీటరు ప్రతి కారులోనూ ఉంటుంది.

న్యూజిలాండ్‌నే చూడండి. అక్కడ డీజిల్ బండ్లు 1970ల చివరి నుంచీ దూరాన్ని బట్టి పన్ను కడుతున్నాయి. యజమాని వెయ్యి కిలోమీటర్ల చొప్పున ముందుగానే కొనుక్కుంటాడు. ఏ రీడింగ్ నుంచి ఏ రీడింగ్ దాకా డబ్బు కట్టాడో రాసిన చీటీని ముందు అద్దానికి అంటిస్తాడు. తనిఖీ చేసేవారు చీటీ మీద అంకెను, ఓడోమీటరు మీద అంకెను పోల్చి చూస్తారు. అంతకు మించి ఏమీ లేదు. ఉపగ్రహం అక్కర్లేదు, సిమ్ కార్డు అక్కర్లేదు. 2024 ఏప్రిల్ 1న ఎలక్ట్రిక్ కార్లను కూడా వెయ్యి కిలోమీటర్లకు 76 న్యూజిలాండ్ డాలర్ల రేటుతో ఈ పద్ధతిలోకే తెచ్చారు. ఐస్‌లాండ్ అదే ఏడాది జనవరి నుంచి ఎలక్ట్రిక్ కార్లకు కిలోమీటరుకు 6 క్రోనల పన్ను పెట్టింది. యజమానులు మీటరు రీడింగ్‌ను తామే నమోదు చేస్తారు. సందేశంలో బూచిగా చూపే బ్రిటన్ పథకం కూడా ఇంతే: ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతారో అంచనా చెప్పి కట్టాలి, తరువాత వాహన తనిఖీలో రీడింగ్ చూసి సరిచేస్తారు. కారులో ఆచూకీ పరికరం పెట్టబోమని ప్రభుత్వం ఆ ప్రకటనతోనే చెప్పింది.

రెండో మాట: పెట్రోలు కారుకు ఈ బెడద లేదు. పన్ను మాటకొస్తే, పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ రహదారి పన్ను కడుతూనే ఉన్నాం. ఎక్కువ తిరిగితే ఎక్కువ కాలుతుంది, ఎక్కువ కడతాం. విద్యుత్తుతో నడిచే బండి ఆ లెక్క నుంచి తప్పించుకుంటోంది. ప్రభుత్వాలు కొత్త పన్ను వెతుక్కోవడానికి కారణం ఇదే, ఇందులో కుట్ర వెతకనక్కర్లేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పెట్రోలు పన్నుకు ఉన్న గోప్యత కిలోమీటరు పన్నుకు లేదు. నోటు ఇచ్చి ట్యాంకు నింపుకుంటే ఎవరు, ఎందుకు, ఎటు వెళ్తున్నారని అడిగేవారుండరు. కిలోమీటరు పన్ను ఎంత మంచిగా పెట్టినా బండికి, యజమానికి ఒక ఖాతా తెరవక తప్పదు. సందేశం రాసినవారు ఈ ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే నేను మారు మాట్లాడేవాణ్ని కాదు.

నిఘా మాటకొస్తే పెట్రోలు కారు ఏనాడో దొరికిపోయింది. హాంకాంగ్‌లో 1983 నుంచి 1985 వరకు ఎలక్ట్రానిక్ రహదారి రుసుమును ప్రయోగించి చూశారు. తమ రాకపోకలు ప్రభుత్వానికి తెలిసిపోతాయన్న జనం ఆందోళన ఆ పథకం అటకెక్కడానికి ఒక ముఖ్య కారణం. అప్పటికి రోడ్ల మీద ఎలక్ట్రిక్ కార్లెక్కడివి? లండన్‌లో 2003 నుంచి రుసుము వసూలు కోసం నగర మధ్యానికి వచ్చే బండ్ల నంబరు ప్లేట్లను కెమెరాలు చదువుతున్నాయి. విచిత్రమేమిటంటే ఏళ్ల తరబడి అక్కడ రుసుము కట్టింది పెట్రోలు, డీజిల్ కార్ల వాళ్లు. ఎలక్ట్రిక్ కార్లకు ఆ రుసుము నుంచి మినహాయింపు 2025 డిసెంబరు దాకా సాగింది.

మూడో మాట: ఎలక్ట్రిక్ కారు మన మీద గూఢచర్యం చేస్తుంది. ఇక్కడ తొందరపడి కొట్టిపారేయకూడదు, ఎందుకంటే ఇందులో చాలా నిజముంది. 2024 డిసెంబరులో జర్మనీలో బయటపడిన ఉదంతం చూడండి. ఫోక్స్‌వాగన్ సంస్థకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ దాదాపు 8 లక్షల ఎలక్ట్రిక్ కార్ల సమాచారాన్ని సరైన కాపలా లేకుండా ఇంటర్నెట్‌లో వదిలేసింది. వాటిలో సుమారు 4,60,000 కార్లు ఎక్కడ ఆగాయో కచ్చితంగా తెలిసిపోయే స్థితి. కారు రాత్రి ఎక్కడ ఆగిందో తెలిస్తే ఇల్లు తెలిసినట్టే, పగలు ఎక్కడ ఆగిందో తెలిస్తే కొలువు తెలిసినట్టే. ఏ ఆసుపత్రి ముందు, ఏ పార్టీ కార్యాలయం ముందు ఆగిందో కూడా దాచలేం. చైనాలోనైతే ఎలక్ట్రిక్ వాహనాల తయారీదారులు బండ్ల సమాచారాన్ని, అవి ఉన్న చోటుతో సహా, ప్రభుత్వ కేంద్రాలకు పంపుతున్నారని 2018లోనే వార్తాసంస్థలు వివరంగా రాశాయి. ఆ దేశం వరకూ సందేశంలోని ఆరోపణను నేను కాదనను.

అయితే దీనికి కారణం బ్యాటరీ కాదు, కారులో కూర్చుని సమాచారాన్ని బయటికి పంపే సిమ్ కార్డు. అది కొత్త పెట్రోలు కార్లలో చాలావాటిలోనూ ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ తన కార్ల నుంచి, కొన్నిసార్లు ప్రతి 3 సెకన్లకోసారి, అవి ఉన్న చోటును సేకరించిందని, గట్టిగా బ్రేకు వేయడం, రాత్రి పొద్దుపోయాక నడపడం వంటి వివరాలను అమ్ముకుందని అక్కడి వినియోగదారుల రక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2025 జనవరిలో చర్య తీసుకుంది. ఆ వివరాలు బీమా కంపెనీలకు చేరి కొందరి ప్రీమియం పెరిగింది. ఆ కార్లలో అత్యధికం పెట్రోలువే. ఈ వ్యవహారంలో పన్నుల శాఖ జోక్యమే లేదు. అమ్మకం రోజున చదవకుండా నొక్కిన "అంగీకరిస్తున్నాను" అన్న మీట చాలింది.

దూరం నుంచి కారు ఆపేస్తారన్నది నాలుగో మాట. దొంగతనానికి గురైన బండి వేగాన్ని పోలీసుల కోరిక మీద దూరం నుంచి తగ్గించే ఏర్పాటు జనరల్ మోటార్స్ కార్లలో 2009 నుంచీ ఉంది, అవీ పెట్రోలు కార్లే. ఇక దీని గురించి ఎక్కువ రాయను.

ఇంతకీ పోరాడాల్సిన చోటు ఏది? ఓడోమీటరు పన్నుకు ఒక లోపముంది. రద్దీ వేళ నగరం నడిబొడ్డున తిరిగిన కిలోమీటరుకు, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద తిరిగిన కిలోమీటరుకు అది తేడా చూపలేదు. సరిహద్దు దాటి పక్క దేశంలో తిరిగిందాన్నీ విడదీయలేదు. కాబట్టి రేపు ప్రభుత్వాలు వేళను బట్టి, రోడ్డును బట్టి రేటు పెడతామంటాయి. ఆచూకీ పరికరం లోపలికి వచ్చేది ఆ తలుపు నుంచే. అప్పుడేం అడగాలో కూడా ఉదాహరణలున్నాయి. అమెరికాలోని ఓరెగన్ రాష్ట్రం 2015లో మొదలుపెట్టిన మైలు రుసుము పథకంలో జీపీఎస్ లేని పరికరాన్ని ఎంచుకునే వీలుంది. డబ్బు లెక్క తేలాక 30 రోజుల్లో ప్రయాణ వివరాలు చెరిపేయాలన్న నిబంధన ఉంది. జర్మనీలో లారీల టోలు కోసం సేకరించిన సమాచారాన్ని వేరే పనికి వాడకూడదని చట్టంలోనే రాసుకున్నారు. జీపీఎస్ లేని దారి తప్పనిసరిగా ఉండాలి, చెరిపివేతకు గడువు ఉండాలి, ఇతర అవసరాలకు వాడకూడదు. ఈ మూడూ చట్టసభకు వచ్చే బిల్లులో ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మన సభ్యుణ్ని నిలదీయాలి. పెట్రోలు కారు కొనుక్కున్నంత మాత్రాన ఈ మూడింటిలో ఒక్కటీ దక్కదు.