బస్తా తీస్తే లిఫ్టు ఒరుగుతుంది

హైదరాబాద్‌లో కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు వెళ్తే చూపు టవర్ క్రేన్ల మీదికే పోతుంది. అంత ఎత్తున తిరుగుతున్న ఇనుము ఎప్పుడు ఎవరి మీద పడుతుందోనని టెన్షన్ పడతాం. అది సహజమే. కానీ మా బెంగ ఎక్కువగా గల్లీల గురించి. బోడుప్పల్‌లోనో బోరబండలోనో ఇరుకు వీధిలో లేస్తున్న నాలుగంతస్తుల ఇంటి మీద, ఎవరి కంటా పడకుండా ఇటుకలు, సిమెంటు పైకెత్తే మినీ లిఫ్టు గురించి.

స్లాబు అంచున ఒక ఇనుప ఫ్రేము, మోటారు, ఇనుప తాడు, కొక్కెం. అంతే ఆ యంత్రం. అద్దెకు తెచ్చి బిగిస్తారు. బరువు బయట వేలాడుతుంటే ఫ్రేము ముందుకు తూలకుండా వెనక కాళ్ల మీద ఇసుక బస్తాలో సిమెంటు బస్తాలో పేరుస్తారు. ప్లాస్టరింగ్‌కు సిమెంటు చాలకపోతే ఎదురుగా కనిపించేవి ఆ బస్తాలే. పొద్దున 50 కిలోల బస్తా ఒకటి పోతుంది, మధ్యాహ్నం ఇంకొకటి. స్విచ్ నొక్కే కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. సాయంత్రం ఇటుకలు పైకొస్తుండగా వెనక కాళ్లు లేస్తాయి. మోటారుతో సహా ఫ్రేము కిందికి పోతూ పక్కన పట్టుకుని నిలబడ్డ మనిషినీ లాక్కుపోతుంది.

ఇది విధి కాదు. ఎవరో బస్తా తీశారు, ఎవరూ చూడలేదు. అంతే జరిగింది.

బరువును లోపలికి లాగడానికి కార్మికుడు అంచు దాటి వంగుతాడు. అక్కడ రెయిలింగ్ ఉండదు, నడుముకు బెల్టు ఉండదు. తగిలించిన బరువు జారిపోకుండా కొక్కెం నోటికి ఉండాల్సిన నాలుక ఊడిపోతే బైండింగ్ వైరుతో కట్టి కానిచ్చేస్తారు. 15 మీటర్ల ఎత్తు నుంచి జారిన ఇటుక రెండు సెకన్లలోపే, గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో నేలకు చేరుతుంది. కింద తాడు కట్టి దారి మూయాలి. బడి నుంచి వచ్చే పిల్లలు ఆ గోడ పక్కనుంచే నడుస్తారు మరి.

నిబంధనలు లేవా అంటే, ఉన్నాయి. తాడు మందానికి ఎనిమిది రెట్ల పొడవులో తెగి కనిపించే పోగులు మొత్తం పోగుల్లో 10 శాతం దాటితే ఆ తాడు వాడకూడదని భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు చెప్పాయి. గుడ్డతో తుడిచి లెక్కపెడితే తెలిసిపోయే విషయమిది. చిక్కల్లా పరిధితోనే. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం వర్తించేది కాదు. సొంతానికి కట్టుకునే ఇల్లయితే అప్పట్లో 10 లక్షల రూపాయల ఖర్చు వరకు మినహాయింపు ఉండేది. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్ పదిమంది లెక్కను అలాగే ఉంచి, ఈ పరిమితిని 50 లక్షలకు పెంచింది. ఎనిమిది మందితో నడిచే గల్లీ సైటు ఇలా చట్టం చూపు నుంచే జారిపోతోంది. పాలమూరు నుంచో ఒడిశా నుంచో వచ్చిన కూలీ ప్రాణానికి తలల లెక్క అడ్డం రావడం మాకు మింగుడుపడని విషయం. ఈ మినహాయింపు కనీసం బరువులెత్తే యంత్రాలకైనా వర్తించకుండా చూడాలి.

నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మికుల సంక్షేమం కోసం సెస్సుగా వసూలవుతోంది. మనిషి పోయాక కుటుంబానికిచ్చే సాయం అవసరమే, కాదనం. అదే డబ్బులో కొంత తీసి కూలీలు పని కోసం నిలబడే అడ్డాల దగ్గరే, తెలుగులోనూ హిందీలోనూ ఒడియాలోనూ, లిఫ్టు బిగించడం ఎలాగో చేసి చూపించలేమా?

ఇంటి యజమానులకూ ఒక మాట. దసరాకు గృహప్రవేశం పెట్టుకుని మేస్త్రీని తొందరపెట్టేది మీరే. ఈసారి సైటుకు వెళ్లినప్పుడు టైల్స్ రంగు చూసే ముందు మేడెక్కి ఆ వెనక కాళ్ల మీద ఏముందో చూడండి.

యంత్రాలు అద్దెకిచ్చేవారి నుంచి మొదలుపెడితే పని సులువు. ఫ్రేముకే బోల్టులతో బిగించిన ఇనుప దిమ్మెలు, నాలుక ఉన్న కొక్కెం, తాడు పరీక్షించిన తేదీ రాసిన కాగితం. ఈ మూడూ లేని లిఫ్టు నగరంలో ఏ షాపు గడపా దాటకూడదని కార్మిక శాఖ ఉత్తర్వు ఇవ్వాలి, జీహెచ్ఎంసీ ఇంటి అనుమతితో పాటే ఆ కాగితమూ అడగాలి.