పెళ్ళి ఫొటోగ్రాఫర్ల షార్ప్‌నెస్ పిచ్చి గురించి కొంచెం కోపంగానే

లెన్స్ కొనాలనుకున్న ప్రతివాడూ ముందు చేసే పని ఒకటే. రెండు లెన్సులతో తీసిన ఇటుక గోడ ఫొటోలు పక్కపక్కన పెట్టి, నాలుగొందల శాతం జూమ్ చేసి, మూల చివర్లో వెతికి "ఇది సాఫ్ట్‌గా ఉంది బ్రో, వద్దు" అని తేల్చేయడం. పెళ్ళి ఫొటోలో ఆ మూల చివర ఏముంటుందండీ, కర్టెన్ కొసో, ఎవరిదో మోచెయ్యో. కోడిగుడ్డుకి ఈకలు పీకడం అంటే ఇదే.

షార్ప్‌నెస్ అక్కర్లేదని నేననట్లేదు, నాకూ కావాలి, కానీ పోల్చేదేదో మనం వాడే చోట పోల్చండి అంటున్నా. హాల్లో మనం తీసేది ఎఫ్ 1.4 నుంచి 2.8 మధ్యలో (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరుచుకున్నట్టు), మనిషి రెండు మూడు మీటర్ల దూరంలో ఉంటాడు, లైటు అంతంతమాత్రం. మీరేమో ఎఫ్ 8 దగ్గర బొమ్మలు పెట్టుకుని కొట్టుకుంటారు. ఎఫ్ 8 దగ్గర ఇప్పుడొచ్చే లెన్సుల్లో చాలావరకు అన్నీ బాగానే ఉంటాయి, అక్కడ తేడా వెతకడం టైమ్ వేస్ట్. ఎఫ్ 16 దాకా వెళ్తే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న కంతలోంచి వచ్చే వెలుగు చెదిరిపోవడం వల్ల, ఎంత ఖరీదైన గాజైనా మెత్తబడుతుంది. వైడ్ ఓపెన్‌లో, అంటే లెన్స్ పూర్తిగా తెరిచినప్పుడు, ఫ్రేము మధ్య నుంచి మొహం పెట్టే మూడో వంతు గీత దాకా ఎలా ఉందో చూడండి, అది చాలు.

ఇంక ఎంటీఎఫ్ గ్రాఫుల (లెన్స్ సన్నటి గీతల్ని ఎంత స్పష్టంగా విడదీసి చూపిస్తుందో చెప్పే గ్రాఫులు) పంచాయితీ ఒకటి. కెనాన్, నికాన్ ఇచ్చే గ్రాఫులు డిజైన్ నుంచి లెక్కగట్టినవి, జైస్ వాళ్ళది తయారైన లెన్స్‌ని కొలిచి ఇచ్చేది, సిగ్మా అయితే డిఫ్రాక్షన్ కలిపి ఒకటి, కలపకుండా ఒకటి, రెండూ ఇస్తుంది. మరి ఒక కంపెనీ గీతని ఇంకో కంపెనీ గీత పక్కన పెట్టి "చూశావా ఇది పైనుంది" అంటే ఎలా కుదురుతుంది? ఒకే కంపెనీ లెన్సులు రెండు పోల్చుకోవడానికైతే పనికొస్తాయి. అందులోనూ 30 గీతల (మిల్లీమీటరుకి 30, సన్నటి వివరాల సంగతి చెప్పేది) లైను చూసి కంగారు పడిపోతారు గానీ ఫొటోలో కంటికి కొట్టొచ్చినట్టు కనపడే కాంట్రాస్ట్ చెప్పేది 10 గీతల లైను.

అసలు సంగతి ఏంటంటే, పెళ్ళి ఆల్బమ్‌లో సాఫ్ట్‌గా వచ్చిన ఫొటోల్లో లెన్స్ తప్పు ఉన్నవి చాలా తక్కువ. 85 ఎంఎం ఎఫ్ 1.4, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా, మనిషి రెండు మీటర్ల దూరం, అప్పుడు ఫోకస్‌లో ఉండేది ముందూ వెనకా మొత్తం కలిపి సుమారు నాలుగున్నర సెంటీమీటర్లు. పెళ్ళికూతురు మొహం కొంచెం పక్కకి తిప్పితే ఇటు కన్ను షార్ప్, అటు కన్ను అవుట్, అంతే. దీనికి లెన్స్ మార్చి ఏం చేస్తారు, ఎఫ్ 2.8 కి దించితే డెప్త్ (ఫోకస్‌లో ఉండే లోతు) రెట్టింపు అవుతుంది.

కదలిక సంగతి ఇంకా దారుణం. ఒకసారి లెక్క వేసి చూడండి. నిలువు ఫ్రేములో మనిషి నిండుగా ఉన్నాడు, ఫ్రేము ఎత్తు రెండు మీటర్లు, 24 మెగాపిక్సెల్ బాడీలో పొడుగు వైపు 6000 పిక్సెళ్ళు, అంటే మిల్లీమీటరుకి మూడు. ఆ మనిషి సెకనుకి మీటరు చొప్పున పక్కకి నడుస్తుంటే 1/60 సెకను షట్టర్‌లో పదహారు పదిహేడు మిల్లీమీటర్లు జరిగిపోతాడు, యాభై పిక్సెళ్ళ సాగుడు! మీరు గంటలు గంటలు వాదించుకునే రెండు లెన్సుల తేడా దీని ముందు ఎంత? బాడీలో స్టెబిలైజేషన్ ఉందిగా అంటారు, అది మీ చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ నడిచే మనిషిని ఆపదు. ఐఎస్ఓ (తక్కువ వెలుగులో బొమ్మని వెలుగ్గా చేసే సెట్టింగు) పెంచండి, 1/250 కి వెళ్ళండి, గ్రెయిన్ వస్తే రానివ్వండి.

ఫొటో సాఫ్ట్‌గా వచ్చిందనిపిస్తే లెన్స్‌ని తిట్టేముందు వంద శాతానికి జూమ్ చేసి చూడండి. కనురెప్పల వెంట్రుకలు కలిసిపోయి, చెవి దగ్గర జుట్టు మాత్రం పోగుపోగుగా కనిపిస్తోందా, ఫోకస్ వెనక్కి పోయింది. కంట్లో లైటు చుక్క గుండ్రంగా కాకుండా చిన్న గీతలా సాగిందా, మీ చెయ్యో ఆ మనిషో కదిలారు. ఫోకస్ సరిగ్గా పడ్డ చోట కూడా మసగ్గా ఉండి, వెలుగు చుట్టూ పొగలా ఉంటే అప్పుడు లెన్స్‌ని అనుమానించండి, అదీ ముందున్న చవక ఫిల్టర్ తీసేసి చూశాక.

నిజంగా లెన్సుల మధ్య తేడా బయటపడేది వెనకనుంచి లైటు పడ్డప్పుడు. స్టేజి వెనక స్పాట్‌లైట్లు, ఎల్ఈడీలు నేరుగా లెన్స్‌లోకి కొడుతుంటాయి, టెస్ట్ చార్టులో అంత పదునుగా ఉన్న లెన్స్ అక్కడ కాంట్రాస్ట్ మొత్తం పోగొట్టుకుని తెల్లగా పాలిపోతుంది. టెస్ట్ చెయ్యాలంటే ఇది చెయ్యండి, ఒక దీపాన్ని ఫ్రేము అంచుకి కాస్త బయట పెట్టి, మనిషి మొహం తీసి చూడండి. అలాగే తెల్ల బట్టలు, మెరిసే నగలు వైడ్ ఓపెన్‌లో తీసి, ఫోకస్‌కి ముందు ఊదా, వెనక ఆకుపచ్చ అంచులు ఎంతున్నాయో చూసుకోండి, అవి తర్వాత తుడుచుకుంటూ కూర్చుంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇంకో విడ్డూరం. అన్నిటికంటే షార్ప్ లెన్స్ కావాలని అప్పుచేసి మరీ కొంటారు, కొన్నాక దాని ముందు బొమ్మని మెత్తబరిచే మిస్ట్ ఫిల్టర్ తగిలిస్తారు, ఎడిటింగ్‌లో చర్మం అంతా నున్నగా రుద్దేస్తారు. మరి ఆ గొడవంతా ఎందుకు బాబూ? నికాన్ 58 ఎంఎం ఎఫ్ 1.4 జీ 2013లో వచ్చినప్పుడు చార్టుల్లో అంత మార్కులు రాలేదు, అయినా మొహాలు తీసేవాళ్ళలో దాన్ని వదలనివాళ్ళు ఉన్నారు. చివరికి ఆ ఫొటో చూసేదెక్కడ? 4కే టీవీ అంటే ఎనిమిది మెగాపిక్సెళ్ళ పైచిలుకు. 12×18 అంగుళాల ప్రింటు 300 డీపీఐ లెక్కన వేసినా ఇరవై లోపే. ఫోన్ గురించి చెప్పక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం కొత్త లెన్స్‌ని గట్టిగా అనుమానించండి, మీ చేతికొచ్చిన కాపీ, అంటే ఆ ఒక్క పీసు, బాగుందా లేదా. ట్రైపాడ్ మీద పెట్టి, ఒకే వస్తువుని నాలుగు మూలల్లోకి ఒక్కోసారి తెచ్చి, ప్రతిసారీ మళ్ళీ ఫోకస్ చేసి తియ్యండి. నాలుగూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే అది డిజైన్, పట్టించుకోకండి. ఒక మూల మాత్రమే పాడుగా ఉంటే గాజు పక్కకి జరిగింది, వెంటనే వెనక్కిచ్చెయ్యండి.

ఇవన్నీ చూశాక కూడా రెండిట్లో తేల్చుకోలేకపోతే చీకట్లో ఆటోఫోకస్ ఏది గబుక్కున పట్టుకుంటే అది తీసుకోండి. కెనాన్ పాత ఈఎఫ్ 85 ఎఫ్ 1.2 రెండో వెర్షన్ ఇచ్చే బొమ్మ అద్భుతం, కానీ లోపలున్న బరువైన గాజుని జరపడానికి దానికి పట్టే టైములో నవ్వు అయిపోతుంది. అదీ సమానమైతే బరువు చూడండి. 28-70 ఎఫ్ 2 జూమ్ కెనాన్‌ది 1430 గ్రాములు, సోనీది 918, మౌంట్లు (లెన్స్‌ని బాడీకి బిగించే చోటు) వేరు కాబట్టి ఊరికే మార్చేసుకోలేరనుకోండి, కానీ మెడలో రెండు బాడీలు వేసుకుని రాత్రంతా నిలబడేవాడికి ఆ అరకిలో తేడా ఏ చార్టూ చూపించదు.