స్టేడియం కన్నా ముందు నేల సంగతి చూడాలి

గోదావరి జిల్లాల్లో పెద్ద స్టేడియం కడితే అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలు వాటంతటవే వస్తాయని ఒక వ్యాసంలో రాశారు. ఆ ఆశ నాకూ ఉంది గానీ, ముందు చూడవలసింది నేల. మన డెల్టాలో చాలాచోట్ల బంకమట్టే. వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితేనే నీరు ఊరుతుంది, కళాశాల మైదానాల్లో గోల్‌పోస్టుల ముందు మడమలోతు బురద రోజుల తరబడి ఆరదు. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల పచ్చిక కింద ఇసుక, కంకర పొరలు పరిచి, చిల్లుల గొట్టాలు వేసి, ఆ నీటిని మురుగు కాలువకు చేర్చే ఏర్పాటు లేకపోతే ఎంత ఖర్చు పెట్టినా ఆట సాగదు. జట్ల సాధనకు అలాంటి మైదానాలే మరికొన్ని కావాలి. 2017లో అండర్-17 ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చిన కొచ్చి, గువాహటి వాటినీ సిద్ధం చేసుకున్నాయి. హోటళ్లు, విమానాశ్రయం డబ్బుతో తీరే విషయాలు.

జనం సంగతి అలా కాదు. పురుషుల సీనియర్ ప్రపంచకప్‌లో తొలి దశ గ్రూపు మ్యాచ్‌కే ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా కనీసం 40,000 సీట్లు అడుగుతుంది. 2015 పుష్కరాల తొలిరోజు రాజమహేంద్రవరం తొక్కిసలాటలో పోయిన ప్రాణాలను మనం మరువలేము. అందుకే నక్షా గీసేనాడే పోలీసు, రైల్వే, ఆసుపత్రుల వారిని పిలిచి ద్వారాల వెడల్పు, జనం వెళ్లే దారులు తేల్చాలని గట్టిగా కోరుతున్నాను.