మున్సిపాలిటీకి ఒక రన్‌వే కావాలి

పురపాలక సంఘాలను మన రాజ్యాంగం ఎంత చిన్నచూపు చూసిందో ఎవరో ఒకరు రాయాలి కాబట్టి నేను రాస్తున్నాను. 1992లో 74వ సవరణ పన్నెండో షెడ్యూలును చేర్చి, పట్టణాల చేతిలో 18 పనులు పెట్టింది. వీధి దీపాలు, బస్‌స్టాపులు, మరుగుదొడ్లు, శ్మశానాలు, కబేళాలు, ఆఖరికి బందెలదొడ్లు కూడా అందులో ఉన్నాయి. విమానాశ్రయం మాత్రం లేదు. అది ఏడో షెడ్యూలులో, కేంద్ర జాబితా 29వ అంశంగా ఢిల్లీలోనే కూర్చుంది. దీని ఫలితం ఆలోచించండి. బజార్లో తిరిగే గేదెను పట్టి దొడ్లో కట్టేసే అధికారం ఛైర్మన్‌గారికి ఉంది. అదే గేదె గోడ సందులోంచి దూరి రన్‌వే ఎక్కిందా, కేంద్ర పరిధిలోకి వెళ్లిపోయినట్టే.

ఈ లోటు తీరాలి. ప్రతి చిన్న ఊరి విమానాశ్రయాన్నీ ఆ ఊరి కౌన్సిల్‌కే అప్పగించాలి. ఇవి గాలి మాటలు కావు, ఆధారాలున్నాయి. బ్రిటన్‌లో ఈ పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. అక్కడి కౌన్సిళ్ల నిర్వాకం చూశాక, మనవాళ్లకు చేతకానిది ఇందులో ఏదీ లేదని ఎవరికైనా ధైర్యం వస్తుంది.

ముందు బ్లాక్‌పూల్ సంగతి. ఇంగ్లండ్ వాయవ్య తీరంలో, సెలవులకు జనం వెళ్లే సముద్రపు ఊరు. 1909 అక్టోబరులో ఈ ఊరి స్క్వైర్స్ గేట్ మైదానంలో విమానాల మేళా జరిగింది. బ్రిటన్‌లో అధికారిక గుర్తింపు పొందిన మొదటి మేళా అదే. అనుమతి లేకుండానే డాంకాస్టర్ ఊరివాళ్లు అంతకు కొద్దిరోజుల ముందే తమ మేళా మొదలుపెట్టేశారనుకోండి, అది వేరే విషయం. పర్మిషన్ కోసం ఎదురుచూసేవాడు రెండోవాడు కావడం మనకు కొత్తా? ఆ మైదానమే తర్వాత విమానాశ్రయమైంది. అందులో గొప్ప సంగతేమిటంటే, ఆ స్థలంలో ఎక్కువ భాగం పక్కనున్న ఫైల్డ్ కౌన్సిల్ పరిధిలో ఉంది. ఆస్తి బ్లాక్‌పూల్‌ది, ఊరు ఫైల్డ్‌ది. పేరు మనకు, రొద పక్కవాళ్లకు. ఇంత ముందుచూపున్న పట్టణ ప్రణాళిక నేనింకెక్కడా వినలేదు.

బ్లాక్‌పూల్ కౌన్సిల్ 2004లో ఈ విమానాశ్రయంలో 95 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి అమ్మేసి, 5 శాతం తన దగ్గర ఉంచుకుంది. ఆ 5 శాతం దేనికో నాకు తెలియదు గానీ, మీటింగుకు పిలిస్తే కుర్చీ ఉండాలి కదా. 2008లో ఆ వాటా బాల్ఫోర్ బియాటీ అనే నిర్మాణ సంస్థ చేతికి వచ్చింది. ప్రయాణికుల మీద మనిషికి 10 పౌండ్ల అభివృద్ధి రుసుము పడింది. విమానం టికెట్టే అంతకన్నా చవగ్గా అమ్మే ర్యాన్ఎయిర్‌కు అది నచ్చలేదు, 2009లో వెళ్లిపోయింది. 2014 ఆగస్టులో బాల్ఫోర్ బియాటీవాళ్లు విమానాశ్రయాన్ని అమ్మకానికి పెట్టారు, కొనేవాళ్లు రాలేదు. అక్టోబరు మధ్యకల్లా ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. 2016లో టెర్మినల్‌ను కూలగొట్టారు. అంతా అయ్యాక, 2017లో, కౌన్సిల్ 42.5 లక్షల పౌండ్లు పోసి విమానాశ్రయాన్ని మళ్లీ కొనుక్కుంది.

విమానాలూ టెర్మినలూ ఉన్నప్పుడు అమ్మారు, రెండూ లేనప్పుడు కొన్నారు. దీన్ని తెలివితక్కువ బేరం అనేవాళ్లకు మున్సిపల్ లెక్కలు తెలియవు. ప్రయాణికులు లేని విమానాశ్రయంలో ఫిర్యాదులు ఉండవు, లగేజీ పోదు, క్యాంటీన్‌లో సమోసా ధర మీద గొడవ ఉండదు. నిజం చెప్పాలంటే అక్కడ పని పూర్తిగా ఆగిపోలేదు. చిన్న విమానాలు, సముద్రంలోని గ్యాస్ బావులకు వెళ్లే హెలికాప్టర్లు, ఎయిర్ అంబులెన్స్ ఆ నేల మీదినుంచే ఎగిరాయి. ప్రాణం మీదికి వస్తే పనికొచ్చే రన్‌వే అది. కాకపోతే అలాంటివాటికి రిబ్బన్ కటింగ్ ఉండదు, అందుకే పెద్దగా ఎవరికీ గుర్తుండవు.

టీసైడ్ కథ దీన్ని మించింది. ఈశాన్య ఇంగ్లండ్‌లో డార్లింగ్టన్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి వైమానిక దళ స్థావరం ఒకటి 1960ల్లో ఖాళీ అయింది. చుట్టుపక్కల కౌన్సిళ్లన్నీ కలిసి దాన్ని తీసుకుని పౌర విమానాశ్రయం చేశాయి. పలు కౌన్సిళ్లు, ఒకే రన్‌వే. మన దగ్గర రెండు పంచాయతీల మధ్య ఒక బోరుబావి ఉంటేనే పంచాయితీ తెగదు. వాళ్లు మాత్రం దాదాపు నలభై ఏళ్లు నడిపారు. తర్వాత 2003లో 75 శాతం వాటాను పీల్ అనే సంస్థకు ఇచ్చారు.

కొత్త యజమాని వస్తే మొదట ఏం చేస్తాడు? రన్‌వేకు రిపేర్లు చేస్తాడు, కొత్త విమానాలను పిలుస్తాడు అనుకుంటే మీరు రాజకీయాల్లో పైకి రాలేరు. పేరు మారుస్తాడు. 2004లో టీసైడ్ కాస్తా ‘డరమ్ టీస్ వ్యాలీ ఎయిర్‌పోర్ట్’ అయింది. ఒక జిల్లా, ఒక నది, ఒక లోయ, మూడింటినీ ఒకే బోర్డులోకి ఎక్కించారు. 2006లో ఆ విమానాశ్రయం నుంచి ఏటా 9 లక్షల మంది ప్రయాణించేవారు. పదేళ్లు తిరిగేసరికి అది లక్షా ముప్పై వేల దగ్గరకు జారిపోయింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మనవాళ్లు ముందే అనేశారు కాబట్టి ఇక్కడ నేను కొత్తగా అనడానికేమీ లేదు. మధ్యలో ఎగిరేవాళ్ల దగ్గర మనిషికి 6 పౌండ్లు వసూలు చేయడం కూడా మొదలుపెట్టారు. జనం రానప్పుడు వచ్చినవాళ్ల దగ్గరే ఎక్కువ గుంజాలన్న సూత్రం మన బస్టాండ్ పార్కింగ్ కాంట్రాక్టర్‌కు తెలిసిందే, అక్కడ దానికి బోర్డు ఆమోదం ఉంది, అంతే తేడా.

ఈ విమానాశ్రయానికి రైల్వే స్టేషన్ కూడా ఉంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన కౌన్సిలర్లను స్టడీ టూర్‌కు పంపదగ్గ స్థలం అదొక్కటే. స్టేషన్‌ను 1971లో తెరిచారు. టెర్మినల్‌కు పక్కనే కాదు, పెట్టె ఈడ్చుకుంటూ పావుగంట నడవాలి. రానురాను అక్కడ ఆగే రైళ్లు తగ్గి తగ్గి వారానికి నామమాత్రం అయ్యాయి. 2012-13లో ఆ స్టేషన్‌ను వాడుకున్నవాళ్లు ఏడాది మొత్తానికి 8 మంది. ఒక షేర్ ఆటోలో ఎక్కే జనం. 2017 చివర్లో అవతలి ప్లాట్‌ఫాంకు వెళ్లే వంతెనను మూసేశారు. దాంతో ఆదివారం ఒక్క రైలు, అదీ ఒకే దిక్కుకు మిగిలింది. దిగినవాడికి వెనక్కి వెళ్లే దారి లేదు, వచ్చే ఆదివారం దాకా ఆగినా మళ్లీ ముందుకే పోవాలి.

మరి మూసేయొచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది పరిపాలన అందం. బ్రిటన్‌లో ఒక స్టేషన్‌ను చట్టప్రకారం మూయాలంటే ప్రజాభిప్రాయం, విచారణ, ఫైళ్లు, ఖర్చు, పెద్ద తతంగం. దానికన్నా వారానికో రైలు ఆపి వెళ్లిపోవడం చవక. అలాంటి రైళ్లు ఆ దేశంలో ఇంకా చాలా ఉన్నాయి, ముద్దుగా పార్లమెంటరీ రైళ్లంటారు. ఈ స్టేషన్ కూడా మూతపడలేదు. ప్లాట్‌ఫాం పాడైందని 2022లో రైలు ఆపడం మాత్రం మానేశారు. మన ఆఫీసుల్లో ‘పరిశీలనలో ఉంది’ అని రాసే గుమాస్తా ఈ కథ వింటే కళ్లు చెమర్చకుండా ఉండవు.

ఇక అసలు మలుపు. 2017లో టీస్ వ్యాలీకి మేయర్ ఎన్నికలొచ్చాయి. బెన్ హూచెన్ అనే కన్జర్వేటివ్ అభ్యర్థి, విమానాశ్రయాన్ని మళ్లీ ప్రజల ఆస్తి చేస్తానని మాటిచ్చి గెలిచాడు. ప్రభుత్వ ఆస్తులను ప్రైవేటుకు అమ్మిన మాజీ ప్రధాని థాచర్ పార్టీ ఆయనది. 2019 జనవరిలో అక్కడి ఐదు కౌన్సిళ్ల ఉమ్మడి సంస్థ 4 కోట్ల పౌండ్లకు, అప్పటి లెక్కన సుమారు 360 కోట్ల రూపాయలకు, కొనుగోలును ఆమోదించింది. కొన్నాక మొదట చేసిన పనుల్లో ఒకటేమిటో మీకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అదే ఏడాది పాత పేరు తిరిగి పెట్టారు. 2021లో ఆ మేయర్ 73 శాతం ఓట్లతో మళ్లీ గెలిచాడు.

అమెరికావాళ్లకు ఇంత ఓపిక లేదు. షికాగోలో సరస్సు ఒడ్డున మెయిగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం ఉండేది, నగరమే నడిపేది. అక్కడ పార్కు కావాలని మేయర్ రిచర్డ్ డేలీ కోరిక. 2003 మార్చి 30 అర్ధరాత్రి పోలీసుల కాపలాలో బుల్డోజర్లు వచ్చి, రన్‌వే నడుమ పెద్దపెద్ద ఇంటూ గుర్తులు తవ్విపోయాయి. కేంద్ర విమానయాన శాఖకు ముందుగా కబురు లేదు. 16 విమానాలు లోపల ఇరుక్కుపోయాయి, తర్వాత పక్కనున్న టాక్సీవే మీదినుంచి ఎగిరి బయటపడ్డాయి. ఉగ్రవాదుల భయం వల్ల చేశామని మేయర్ చెప్పాడు. శిక్షగా నగరానికి 33,000 డాలర్ల జరిమానా పడింది, విమానాశ్రయ నిధుల నుంచి వాడుకున్న 10 లక్షల డాలర్లు వెనక్కి కట్టాల్సి వచ్చింది. పార్కు మాత్రం వచ్చింది. అర్ధరాత్రి జేసీబీ విషయంలో మన మున్సిపాలిటీలకు షికాగో నుంచి ఎవరూ వచ్చి ట్రైనింగ్ ఇవ్వనక్కర్లేదని గర్వంగా చెప్పగలను.

మన కౌన్సిల్‌కు రన్‌వే ఇస్తే ఏం జరుగుతుందో ఊహించడం కష్టమేమీ కాదు. మున్సిపల్ భాషలో రన్‌వే అంటే స్పీడ్ బ్రేకర్ లేని రెండు కిలోమీటర్ల రోడ్డు. అది కనబడగానే పద్నాలుగో వార్డు కౌన్సిలర్ లేచి, తన వార్డులో ముగ్గురు పడి చేతులు విరగ్గొట్టుకున్నారు కాబట్టి అక్కడా రెండు స్పీడ్ బ్రేకర్లు వేయాలంటాడు. ప్రతిపక్షం పోడియం ముందు బైఠాయిస్తుంది. మా వీధిలో ఆర్నెల్లుగా లైటు వెలగడం లేదు, రన్‌వేకు రెండువైపులా ఎందుకని అడుగుతుంది. ప్రశ్న న్యాయమైనదే. తెల్లారి ఐదింటికి వాకర్స్ అసోసియేషన్ వినతిపత్రం తెస్తుంది, విమానాలు ఏడు తర్వాత దిగితే బాగుంటుందని. సాయంత్రం కారు నేర్చుకునేవాళ్లుంటారు. ఆదివారం సంత ఉంటుంది. కిందికి దిగిన విమానం తైబజారు కట్టాలా వద్దా అన్నది రెవెన్యూ విభాగం తేల్చాలి, నా ఉద్దేశంలో కట్టాలి.

నవ్వుకోండి. కానీ వరంగల్ వైపు ఒకసారి చూడండి. మామునూరు విమానాశ్రయం నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1930లో వచ్చింది. 1981 దాకా నడిచింది. ఆ ఏడాది పుట్టినవాళ్లకు ఇప్పుడు పిల్లల కాలేజీ ఫీజుల టెన్షన్ పట్టుకుంది. మళ్లీ తెరుద్దామంటే శంషాబాద్ ఒప్పందం అడ్డు. హైదరాబాద్ కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు ఇరవై అయిదేళ్లపాటు ఇంకొకటి రాకూడదని 2004లో రాసుకున్నారు. ఆ కాగితం మీద కేంద్రం సంతకం ఉంది, శంషాబాద్ విమానాశ్రయం నడిపే కంపెనీ సంతకం ఉంది. వరంగల్ కార్పొరేషన్‌ది లేదు. కంపెనీ అభ్యంతరం లేదని చెప్పాక, 2025 ఫిబ్రవరి చివర్లో గానీ కేంద్రం పచ్చజెండా ఊపలేదు. అదనంగా కావలసిన 253 ఎకరాలకు ఊళ్లలోకి సర్వేయర్లు వచ్చారు. భూమి పోయే రైతు తన కోపం చూపించడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలి? కలెక్టరేట్‌కు వెళితే ప్రభుత్వం అంటారు. ప్రభుత్వం కేంద్రం అంటుంది. కేంద్రం ఉన్న ఢిల్లీకి వరంగల్ నుంచి, ఏం చెప్పమంటారు, విమానం లేదు.

బ్లాక్‌పూల్‌వాళ్లు అమ్మారు, కొన్నారు, మధ్యలో టెర్మినల్ పోగొట్టుకున్నారు. టీసైడ్‌వాళ్లు పేరు మార్చారు, మళ్లీ మార్చారు. అయితే ఏ తప్పు ఏ మీటింగులో ఎవరి చెయ్యెత్తడం వల్ల జరిగిందో అక్కడి జనానికి తెలుసు. ఆ చెయ్యి గలాయన ఊళ్లోనే ఉంటాడు. నేను అడుగుతున్నది కూడా అంతే. ఆటోలో వెళ్లి తిట్టి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాగలిగినంత దూరంలో ఒక బాధ్యుడు ఉండాలి.

కాబట్టి వచ్చే కౌన్సిల్ సమావేశం ఎజెండాలో చేర్చడానికి ఒక ముసాయిదా తీర్మానం పంపుతున్నాను. పందొమ్మిదో పనిగా విమానాశ్రయాన్ని పన్నెండో షెడ్యూలులో, బందెలదొడ్ల తర్వాత చేర్చాలని పార్లమెంటును కోరాలి. కౌన్సిలర్లను టీసైడ్ స్టేషన్ చూడటానికి ప్రజాధనంతో పంపకూడదు, ఎందుకంటే అక్కడ ఇప్పుడు రైలే ఆగడం లేదు, వాళ్లు తిరిగి రారు. రన్‌వేకు ఎవరి పేరు పెట్టాలన్నది మాత్రం ఇప్పుడే తేల్చొద్దు. దానికి విడిగా సబ్‌కమిటీ వేయాలి, అందులో అన్ని పార్టీలకూ, అన్ని కుల సంఘాలకూ చోటుండాలి, నివేదికకు గడువు పెట్టకూడదు. విమానం విషయం సమయం మిగిలితే ‘ఇతర అంశాలు’ కింద తీసుకోవచ్చు.