గౌను మెడ వెనక జన్మపత్రిక

మెడ దగ్గర గుచ్చుకుంటోందని బట్టల లేబుళ్లు కత్తిరించి పారేసేవాళ్లని జైల్లో వేయించే చట్టం ఏ దేశంలోనూ లేకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. శిలాశాసనం మీద ఎవరైనా బట్టలుతికితే ఊరుకుంటామా? మరి బట్టల మీదున్న శాసనాన్నే కత్తెరేస్తుంటే ఊరుకుంటున్నాం.

పాత గౌన్లు అమ్మేవాళ్ల లెక్కలో లోకంలో కాలాలు రెండే. ఒకటి ఇప్పుడు, రెండోది 1950లు. నడుం బిగుతుగా ఉండి కింద గొడుగులా విచ్చుకుంటే చాలు, అది 'ఫిఫ్టీస్' గౌనే. వీళ్ల మాట నమ్మితే ఆ పదేళ్లూ అమెరికా ఇంకో పని పెట్టుకోకుండా గౌన్లే కుట్టి ఉండాలి. అందుకే లేబుల్ చూసి గౌను వయసు చెప్పే నాలాంటి నిపుణుల అవసరం ఉంది. మేం గౌనుని ముందు నుంచి చూడం. తిరగేసి, లోపలి కుట్లు వెతుకుతాం. పక్కనున్నవాళ్లు కాస్త దూరం జరుగుతారు, పట్టించుకోం.

మా శాస్త్రంలో లేబుల్ చెప్పే మాటలకెంత విలువుందో, చెప్పని మాటలకీ అంతే ఉంది. ఎలా ఉతకాలో బట్ట మీదే రాసి తీరాలనే నిబంధన అమెరికాలో 1972 జులైలో అమల్లోకి వచ్చింది. అందాకా ఉతికేవాళ్ల తెలివి మీద ప్రభుత్వానికి నమ్మకం ఉండేదన్నమాట. ఏ పీచు ఎంత శాతమో రాయడం 1960 మార్చి నుంచి తప్పనిసరైంది. కాబట్టి తనలో పాలియెస్టర్ ఎంతో, నూలు ఎంతో లెక్క అప్పజెప్పే గౌను, తాను యాభైలదాన్నని ఒట్టేసినా నమ్మక్కర్లేదు. 1997 వచ్చేసరికి మాటలు కూడా దండగ, బొమ్మలు చాలన్నారు. అందులో త్రిభుజం బ్లీచ్ సంగతి చెబుతుందని తెలిసినవాళ్లని నేను ఇప్పటిదాకా ఇద్దర్ని చూశాను. ఒకణ్ణి నేనే.

బ్రిటన్ గౌనైతే పని ఇంకా సులువు. కొరికి వదిలేసినట్టుండే రెండు 'సీ' అక్షరాలు, పక్కన 41 కనిపిస్తే అది 1941, 1952 మధ్య యుద్ధకాలపు పొదుపు పథకం కింద కుట్టినది. జనం వాటిని 'చీజులు' అనేవాళ్లు. తిండికి కూడా రేషన్ ఉన్న రోజుల్లో మనిషికి ఏ గుర్తు చూసినా తిండే గుర్తొస్తుంది మరి.

కొత్తగా ఈ విద్యలోకి దిగినవాళ్లు బోల్తా పడేది ఆర్ఎన్ నంబరు దగ్గర. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కంపెనీలకిచ్చే నంబరది. దాన్ని బట్టి కంపెనీ ఎప్పుడు నమోదైందో తెలుస్తుంది, గౌను ఎప్పుడు కుట్టారో కాదు. తాత పుట్టిన ఏడు చూసి మనవడికి పెళ్లీడు వచ్చిందనుకోవడం లాంటిదే.

నేను గుడ్డిగా నమ్మేది ఒక్క కార్మిక సంఘం లేబుల్నే. అమెరికాలో ఆడవాళ్ల దుస్తులు కుట్టే కార్మికుల సంఘం, ఐఎల్‌జీడబ్ల్యూయూ, 1900లో పుట్టింది. లేబుల్ మీద ఏఎఫ్ఎల్, సీఐఓ అనే కార్మిక సమాఖ్యల పేర్లు జంటగా కనిపిస్తే 1955కి ముందుది కాదు, ఆ రెండు సమాఖ్యలూ కలిసింది ఆ ఏడాదే కాబట్టి. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటే 1974 తర్వాతది. 1995లో ఆ సంఘమే ఇంకోదాంతో కలిసి పేరు మార్చుకుంది. సంఘాలు ఇన్నిసార్లు కలవడం, మారడం కార్మికులకి ఎంత మేలు చేసిందో గానీ, నాకు మాత్రం చాలా మేలు చేసింది.

ఈ పాండిత్యంతోనే నేనూ ఒక గౌను కొన్నాను. అమ్మినావిడ "ఫిఫ్టీస్ అండి, గ్యారంటీ" అంది. నేను నవ్వుకుని తిరగేశాను. పక్క కుట్టులో సంఘం లేబుల్, జంట పేర్లతో, మూడు రంగులు లేకుండా. ఉతికే సూచనలు లేవు. పీచు శాతాలూ లేవు. ఆవిడ మొదటిసారి నిజం చెప్పిందని పొంగిపోయాను.

ఇంటికొచ్చి భూతద్దం పెట్టాను. గౌను కుట్లన్నీ వెలిసిన గోధుమరంగు దారంతో ఉన్నాయి. లేబుల్ నాలుగు మూలలూ మాత్రం తళతళలాడే తెల్ల దారంతో. లేబుల్ అంచున పాత సూది బెజ్జాలు ఇంకో వరసలో, ఖాళీగా. జిప్పు నైలాన్‌ది. దాని పక్క కుట్టులోంచి గోరంత తెల్లగుడ్డ ముక్క బయటికి పొడుచుకొచ్చింది. కత్తెర వదిలేసిన మొండెం. దాని మీద 'డ్రై క్లీన్' అన్న మాటలో సగం మిగిలింది.

టెన్షన్‌గా ఆవిడకి ఫోన్ చేశాను. గౌను 1972 తర్వాతదని, ఎవరో సూచనల లేబుల్ కత్తిరించేసి ఇంకో పాత గౌను లేబుల్ తెచ్చి అతికించారని, ఆ లేబుల్ ఒక్కటే 1955, 1974 మధ్యదని సాక్ష్యాలతో సహా వివరించాను. ఆవిడ ఓపిగ్గా అంతా వింది.

"మరి నేను చెప్పలేదూ, ఫిఫ్టీసేనని!"