ఇసుక ఈగ ఇసుకలో పుట్టదు: బీచ్ మెసేజ్‌కి నా జవాబు

"వదినా, ఈ ఆదివారం పిల్లల్ని రుషికొండ తీసుకెళ్దామనుకున్నాం. వాట్సాప్‌లో వచ్చింది చూశారా? మానేయమంటారా?" అని మా తమ్ముడి భార్య ఫోన్ చేసింది. వాళ్లది పద్మనాభం వైపు ఒక పల్లె. ఆ మెసేజ్ నాకు అప్పటికే మూడు గ్రూపుల్లో వచ్చి ఉంది. చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. "విశాఖ తల్లిదండ్రులకు హెచ్చరిక. బీచ్ ఇసుకలో ఇసుక ఈగలు పుడుతున్నాయి. కుడితే కాలా అజార్, చాందీపురా వస్తాయి. వీటికి మందు లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. పిల్లల్ని బీచ్‌కి పంపకండి. ఇంటి దగ్గర నీళ్లు నిల్వ లేకుండా చూసుకుని దోమతెర కట్టుకుంటే చాలు. జ్వరం వస్తే మూడు రోజులు వేపాకు కషాయం తాగించండి."

ఇరవై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని. కాలా అజార్ అంటే లీష్మేనియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే, వారాల తరబడి తగ్గని జ్వరం. చాందీపురా అంటే పిల్లలకి మెదడువాపు తెచ్చే ఒక వైరస్. ఇందులో కొన్ని ముక్కలు నిజం, చాలా ముక్కలు తప్పు, ఆఖరి ముక్క ప్రాణం తీసేది. అందుకే ఆ ఒక్కటీ ముందే చెప్పేస్తున్నాను. జ్వరంతో ఫిట్స్ వచ్చిన బిడ్డని కషాయం తాగిస్తూ ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతాది తీరిగ్గా చదవచ్చు.

"బీచ్ ఇసుకలో పుడుతున్నాయి"

ఇసుక ఈగ, ఇంగ్లీషులో శాండ్‌ఫ్లై, అన్న పేరు చూసి పొరబడ్డారు. ఆ పేరు ఈ పురుగు రంగుకి సరిపోతుంది గానీ అది బతికే చోటుకి సరిపోదు. ఎండిన ఇసుక రంగులో, ఒళ్లంతా నూగుతో, నువ్వుగింజంత ఉంటుంది. దోమలో మూడో వంతు అనుకోండి. వాలినప్పుడు దోమలా రెక్కలు వీపు మీద ముడుచుకోదు, రెండిటినీ పైకెత్తి నిలబెడుతుంది. దూరం ఎగరలేదు. గోడ మీద, నేల మీద చిన్న చిన్న గెంతులు వేస్తూ కదులుతుంది. చెవి దగ్గర గుయ్యిమనే చప్పుడు కూడా ఉండదు కాబట్టి కుట్టేదాకా వచ్చినట్టే తెలీదు. పగలు చీకటి మూలల్లో దాక్కుని, పొద్దుగూకాక బయటికొస్తుంది.

దీని పిల్ల పురుగులు పెరగాలంటే చీకటి కావాలి, తడి కావాలి, కుళ్లే ఆకో పేడో కలిసిన మట్టి కావాలి. ఎండ తగలకూడదు, వేడి ఒక్కసారిగా మారిపోకూడదు. ఇవన్నీ ఒక్కచోట ఎక్కడ దొరుకుతాయో పల్లెలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు. పశువుల శాలలో మట్టిగోడ అడుగున, గోడ నెర్రెల్లో, గత్తం పోగు పక్కనుండే మెత్తటి మట్టిలో, ఎలుక బొరియలో, చెదపుట్టలో, చెట్టు తొర్రలో. ఆడది గుడ్లు అక్కడే పెడుతుంది. లార్వా ఆ కుళ్లునే తింటూ ఆ మట్టిలోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి రెక్కల పురుగు అయ్యేసరికి సుమారుగా నెల నుంచి రెండు నెలలు పడుతుంది. అలలు రోజూ కడిగే ఉప్పు ఇసుకలో ఆ లార్వాకి తినడానికి ఏం దొరుకుతుంది? మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసినవాళ్లకి ఆ ఇసుక ఎంత కాలుతుందో తెలుసు. ఆ వేడిలో అది బతకదు.

ఇంకొకటి, గాలి. శాండ్‌ఫ్లై చాలా బలహీనమైన పురుగు. గాలి కాస్త జోరుగా వీస్తే ఎగరడమే మానేస్తుంది. పుట్టిన చోటు నుంచి మామూలుగా కొన్ని వందల మీటర్లు మించి పోదు. సాయంత్రం రుషికొండలో చున్నీ నిలవనివ్వని ఆ గాలికి ఎదురు నిలిచే శక్తి దానికి లేదు.

బీచ్‌లో ఏదో కుట్టిందని చెప్పేవాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. ఇంగ్లీషులో శాండ్‌ఫ్లై అనే మాటని రకరకాల పురుగులకి వాడతారు. మడ అడవుల బురదలో పెరిగే నుసిలాంటి కుట్టుడు పురుగుల్ని చాలా దేశాల తీరాల్లో అలాగే పిలుస్తారు. న్యూజిలాండ్‌లో ఆ పేరుతో పిలిచేది పారే నీళ్లలో పుట్టే నల్ల ఈగని. ఆ రెండూ కాలా అజార్‌నీ చాందీపురానీ మోసే పురుగులు కావు. ఎక్కడివో వీడియోలకి ఈ జబ్బుల పేర్లు అతికిస్తే ఇలాంటి మెసేజ్ తయారవుతుంది.

భారతదేశం మ్యాప్ తీసి చూడండి. కాలా అజార్‌కి పట్టుకొమ్మగా ఉన్న బీహార్‌కి సముద్రం లేదు, జార్ఖండ్‌కీ లేదు. చాందీపురా అనేది నాగపూర్ దగ్గర ఒక ఊరి పేరు. 1965లో అక్కడి రోగుల రక్తంలో దొరకబట్టి వైరస్‌కి ఆ ఊరి పేరు పెట్టారు. 2003లో మన ఉమ్మడి రాష్ట్రంలో పిల్లల్ని పొట్టనపెట్టుకున్నప్పుడు ఆ వైరస్ శాండ్‌ఫ్లైలలో దొరికింది కరీంనగర్ జిల్లాలో. చర్మం మీద పుండ్లు తెచ్చే ఇంకో రకం లీష్మేనియా జబ్బు రాజస్థాన్‌లోని బికనీర్‌లో ఉంది. అక్కడైతే ఇసుకకి కొదవ లేదు. ఎడారి దేశాల్లో కూడా ఈ పురుగులు ఇసుక మేటల మీద తిరగవు, ఇళ్ల గోడల్లోనూ ఎలుక జాతి జంతువుల బొరియల్లోనూ తలదాచుకుంటాయి.

"నీళ్లు నిల్వ లేకుండా చూసుకుంటే చాలు"

ఇది దోమ పాఠం. డెంగీకి, మలేరియాకి అక్షరాలా నిజం, ఎవరూ మానొద్దు. కానీ శాండ్‌ఫ్లై లార్వా నీటి పురుగు కాదు, మట్టి పురుగు. డ్రమ్ములు, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు ఎన్ని బోర్లించినా దీని సంఖ్య ఒక్కటి కూడా తగ్గదు.

మరదలితో మాట్లాడుతుంటే నాకు వాళ్ల ఇల్లే కళ్ల ముందు కదిలింది. పక్కా ఇల్లే, డాబా కూడా వేసుకున్నారు. కానీ పశువుల శాల మాత్రం మా నాన్న కట్టిన మట్టిగోడలదే. ఆ గోడకి వేలు దూరేంత నెర్రెలు. శాల వెనక గత్తం పోగు. వేసవిలో ఉక్కపోతకి ఇంట్లో నిద్ర పట్టదని పిల్లల నవ్వారు మంచాలు ఆ శాల గోడని ఆనించి వేస్తారు. నేను వెళ్లినప్పుడు అక్కడే పడుకున్నాను కూడా. పొద్దున లేచేసరికి కాళ్ల మీద దద్దుర్లు. పిల్లలకి ఏడాదికోసారి గంట సేపు సముద్రం చూపించడానికి భయపడుతున్న ఇల్లు, రోజూ రాత్రి వాళ్లని అక్కడ పడుకోబెడుతోంది. ఈ మెసేజ్ మీద నాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం ఇందుకే. చూడాల్సిన చోటు నుంచి చూపు మళ్లించేసింది.

మన దేశంలో కాలా అజార్ మోసే ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్ అనే జాతికి పశువుల రక్తమంటే ఇష్టం. ఆవులకీ గేదెలకీ ఆ జబ్బు రాదు, వాటి తప్పేమీ లేదు. కానీ వాటి రక్తం మీద, వాటి పేడ కలిసిన తడి మట్టిలో ఆ పురుగు పెరుగుతుంది, పక్కన పడుకున్న మనిషినీ కుడుతుంది. కుట్టేది ఆడది మాత్రమే, గుడ్లు కట్టడానికి రక్తం కావాలి కాబట్టి. దోమలా సన్నగా సూది దింపదు. చర్మాన్ని చీరి, ఊరిన రక్తాన్ని తాగుతుంది. అంత చిన్న పురుగు కుట్టినా చురుక్కుమనడం అందుకే.

అందుకని మా తమ్ముడికి చెప్పింది ఇదీ. నెర్రెలు పూడ్చి, శాల గోడ కింది భాగమైనా సిమెంటు పూత వేయించు. గత్తం ఇంటికి దూరంగా, వీలైతే పొలం గట్టుకి మార్చు. శాల నేల తడి లేకుండా రోజూ ఊడ్పించు. మంచాలు ఆ గోడకి దూరంగా జరుపు.

"కుడితే కాలా అజార్ వస్తుంది, మందు లేదు"

పురుగు కుట్టినంత మాత్రాన జబ్బు రాదు. ఆ పురుగు అంతకుముందు జబ్బుమనిషిని కుట్టి ఉండాలి. మన దేశంలో ఈ పరాన్నజీవికి మనిషే ఆధారం. అది పురుగు పొట్టలో రూపం మార్చుకుని, సుమారు వారం రోజులు పెరిగి, గొంతు దగ్గరికి చేరాలి. ఆ తర్వాత కుట్టినప్పుడే ఇంకొకరికి పోతుంది. ఈ గుట్టు తేలడానికి ఎంత కాలం పట్టిందో మా విద్యార్థులకి ఎప్పుడూ ఇష్టంగా చెప్పేదాన్ని. 1903లో లీష్మన్ అనే డాక్టరు, మద్రాసులో పనిచేసిన డోనోవన్ అనే ఇంకో డాక్టరు ఎవరికి వారు ఈ జీవి గురించి ప్రకటించారు. మలేరియాని దోమ మోస్తుందని తేల్చిన రోనాల్డ్ రాస్ దానికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టాడు. శాండ్‌ఫ్లై మీద అనుమానం తొందరగానే వచ్చినా, కాటుతో జబ్బు అంటించి నిరూపించడం ఎవరి వల్లా కాలేదు. చివరికి, రక్తం తాగిన పురుగుకి ఎండుద్రాక్ష రసం తాగనిస్తే లోపల పరాన్నజీవి దండిగా పెరుగుతుందని గమనించారు. బయట కూడా ఈ పురుగు మొక్కల తీపి రసాల మీదే బతుకుతుంది మరి. ఆ కిటుకు దొరికాక 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే పరిశోధకులు స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఐదుగురి మీద కాటు ద్వారా జబ్బు సోకుతుందని రుజువు చేశారు. నలభై ఏళ్ల శ్రమ అది.

ప్రభుత్వం కాలా అజార్ ఉన్నవిగా గుర్తించి పనిచేసినవి నాలుగు రాష్ట్రాల్లోని 54 జిల్లాలు. బీహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్. అందులో 33 జిల్లాలు బీహార్‌వే. ఆంధ్రప్రదేశ్ ఆ జాబితాలో లేదు. ఇక మందు లేదన్నది శుద్ధ తప్పు. 1922లోనే కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి యూరియా స్టిబమైన్ తయారుచేసి వేలమందిని బతికించాడు. ఇప్పుడు లైపోసోమల్ యాంఫోటెరిసిన్ అనే మందు ఒక్క డోసు సెలైన్‌లా ఎక్కిస్తే చాలామందికి నయమైపోతుంది.

గాజువాక, పరవాడ వైపు బీహార్, జార్ఖండ్ కూలీలు చాలామంది ఉన్నారు. ఈ మెసేజ్ చదివి వాళ్లని దూరం పెట్టేవాళ్లు తయారవుతారేమోనని నాకు టెన్షన్. పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఈ జబ్బు రాదు. వాళ్లలో ఎవరికైనా రెండు వారాలు దాటినా జ్వరం తగ్గక, మనిషి చిక్కిపోయి, ఎడమ పక్క పొట్ట ఉబ్బితే డాక్టర్‌కి సొంత ఊరి పేరు చెప్పమనండి. వేలి రక్తంతో చేసే ఆర్‌కే-39 స్ట్రిప్ టెస్ట్ ఉంది.

"ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది"

చాందీపురా కూడా అలా అంటుకోదు. బడి మానిపించక్కర్లేదు. అంతే.

"దోమతెర కట్టుకుంటే చాలు"

మామూలు దోమతెర కన్నాల్లోంచి ఈ పురుగు సులువుగా దూరిపోతుంది. మందు పూసిన తెర అయితే తగిలిన పురుగుని చంపుతుంది. అయినా బీహార్‌లోనూ నేపాల్‌లోనూ పెద్ద ఎత్తున అలాంటి తెరలు పంచి చేసిన అధ్యయనంలో కాలా అజార్ సోకడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పొద్దుగూకాక వాకిట్లో కూర్చున్నప్పుడూ, శాలలో పని చేసుకుంటున్నప్పుడూ తెర ఉండదు కదా. తెర మానేయమని కాదు. పాడేరు వైపు మలేరియాకి అదే పెద్ద కాపు.

వీధిలో పొగ కొట్టించడం వల్ల కూడా పెద్ద ఉపయోగం లేదు, పురుగు దాక్కునేది గోడ నెర్రెలో కాబట్టి. పని చేసేది ఇంటి లోపలా, శాలలోనూ గోడలకి కొట్టే మందు. ఇది నేలకి దగ్గరగా తిరిగే పురుగు గనక నేల నుంచి ఆరడుగుల ఎత్తు దాకా కొడతారు. మందు కొట్టాక పండగ వచ్చిందని గోడ అలికేస్తే ఆ మందు మట్టి కిందకి పోయినట్టే. అలుకు ముందే కానిచ్చుకుని, స్ప్రే అయ్యాక కొన్ని నెలలు గోడ ముట్టుకోకుండా ఉంచాలి.

"మూడు రోజులు వేపాకు కషాయం"

మెసేజ్‌లో నిజమైన ముక్కలు ఇక్కడే ఉన్నాయి, అందుకే ఇది మరీ ప్రమాదం. చాందీపురా నిజమే. పదిహేనేళ్ల లోపు పిల్లలకే, అదీ వానాకాలంలో, ఎక్కువగా వస్తుంది. దానికి ప్రత్యేకమైన మందు లేదన్నదీ నిజమే, టీకా కూడా లేదు. 2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి మెదడువాపు వస్తే 183 మంది చనిపోయారు. 2024 జూన్ మొదలు ఆగస్టు 15 నాటికి, ముఖ్యంగా గుజరాత్‌లో, 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదయ్యాయి. వాటిలో చాందీపురాగా తేలినవి 64.

వైరస్‌ని చంపే మందు లేదంటే వైద్యం లేదని అర్థం కాదు. ఫిట్స్ ఆపడానికి మందులున్నాయి, మెదడు వాపు తగ్గించడానికి మందులున్నాయి, ఊపిరి ఆడనప్పుడు వెంటిలేటర్ ఉంది. బిడ్డ బతికేది వీటి వల్లే. ఈ జబ్బులో పొద్దున జ్వరం వచ్చిన బిడ్డ రాత్రికి స్పృహ తప్పవచ్చు. చనిపోయిన పిల్లల్లో చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే పోయారు. అలాంటి జబ్బుకి మూడు రోజులు కషాయం తాగించమని ఎవరు రాశారో గానీ, ఆ మూడు రోజులు ఆ బిడ్డకి ఉండవు.

జ్వరంతో పాటు ఫిట్స్, ఆగని వాంతులు, పిలిస్తే పలక్కపోవడం, విపరీతమైన మత్తు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తున్నప్పుడు బిడ్డని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు, కషాయం ఏదీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టి టైమ్ పోగొట్టకండి. ఫిట్స్ ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోండి, డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రి మీ ఊరికి దగ్గర్లో ఏదో ఈ రోజే కనుక్కుని ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి. మా మరదలు నేను చెబుతుండగానే విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ నంబరు రాసుకుంది. ఆదివారం రుషికొండకి నేనూ వస్తానన్నాను. మంచాలు శనివారం రాత్రికే జరిపించమన్నాను.